మధ్య అంతస్తు

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి
న్యూకాసిల్‌లో, ఊజ్‌బర్న్ వాగు పక్కన
ఒకప్పటి సబ్బుల గిడ్డంగికి ప్రాణం లేచొస్తుంది.
నేలమాళిగలో బ్యాండు,
మేడ మీద హాస్యం,
నడుమ ముప్పై రెండు బల్లల భోజనశాల.
దాని వెనక నా సింకు, నేను.

పైనుంచి నవ్వు, కిందనుంచి డ్రమ్ము.
అడకత్తెరలో పోకచెక్కనై
గిన్నెలు తోముతుంటాను.

జోకు ఎప్పుడూ నాదాకా రాదు.
చెక్కల సందుల్లోంచి నవ్వొక్కటే రాలుతుంది,
జల్లెడ కింద పిండిలా.
ఏడు నెలలయ్యేసరికి
నవ్వును బట్టి జోకును పోల్చడం పట్టుబడింది.
అత్తగారి మీదదైతే మగగొంతులు ముందు లేస్తాయి.
మంత్రిగారి మీదదైతే చప్పట్లు కలుస్తాయి.
బూతైతే, ఒక్క క్షణం ఎవరూ ఊపిరి తియ్యరు.
ఎవరో ఒకావిడ కెవ్వుమంటుంది.
ఆనక మేడంతా తెగబడుతుంది.

కిందది వేరే లెక్క.
డబుల్ బేస్ వాయించే రాత్రి
సింకులో నీళ్ళు వలయాలు వలయాలుగా వణుకుతాయి.
పాట చెవికి అందదు, అరికాళ్ళకు తెలుస్తుంది.
ట్రంపెట్ ఉన్న రోజు
డ్రాయర్లో చెంచాలు పలుకుతాయి.

ఇక పళ్ళాలు.
ఆరో నంబరు బల్ల నుంచి ఒకే చేప, రెండు ఫోర్కులు,
సగం కూడా తినలేదు.
దెబ్బలాడుకున్నారో ముద్దులాడుకున్నారో
ముళ్ళు చెప్పవు.
నలభై అంకె ఉన్న కొవ్వొత్తి ఒకటి
కేకు అంటుకుని వస్తే
కడిగి ఆప్రాన్ జేబులో వేసుకున్నాను, ఎందుకో.
నాకింకా నలభై నిండలేదు.

నవంబరులో ఒక రాత్రి
మేడ మీద నుంచి ఏమీ రాలలేదు.
అయిదు నిమిషాలు. ఏడు.
ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు.
నురగలో చేతులాపి పైకప్పు వంక చూశాను.
షెఫ్ డంకన్ టోపీ తీసి
శవం వెళ్తున్నట్టు గుండెకు ఆనించుకున్నాడు.

తర్వాత ఆ పిల్ల వెనక మెట్ల మీదుగా దిగొచ్చింది.
జెమ్మా రటర్ అట, గేట్స్‌హెడ్ అట,
పగలు పళ్ళ డాక్టరు దగ్గర
ఫోన్లు ఎత్తుతుందట.
"ఇక్కడ ఏడవొచ్చా?" అంది.
"ఉల్లిపాయలు అటున్నాయి," అన్నాను.

చల్లారిన చిప్స్ పెడితే తింటూ
అదే జోకు మళ్ళీ నాకు చెప్పడం మొదలెట్టింది,
వాళ్ళ తాత పందెం పావురాల సంగతి.
మా వైపు కోళ్ళు, వీళ్ళ వైపు పావురాలు, సరే.
ఆ యాసలో సగం మాటలు
నా తల మీదుగా ఎగిరిపోయాయి.

కానీ నాకొక పని తెలుసు.
మా గవరయ్య మావయ్య బుర్రకథలో హాస్యం వంత.
కథకుడు నోరు మూసేలోపే
"ఆహా! ఆపైన?" అని ఎగదోసేవాడు.
వంత లేకపోతే కథకుడు గోడకు చెప్పుకున్నట్టేరా అనేవాడు,
చుట్ట ఆరిపోతుంటే.
వంటగదిలో నిలబడి
నేనూ వంత అందుకున్నాను.
"ఊఁ."
"ఊఁ, వాన పట్టుకుందా?"
"ఊఁ ఊఁ, అయితే పాపం
ఒట్టి చేతుల్తో ఇల్లు చేరిందా?"

అక్కడ ఆగింది.
"పావురానికి చేతులా?"
నవ్వు ముందు ఆ పిల్ల ముక్కులోంచి వచ్చింది,
తర్వాత చిప్స్‌తో సహా నోట్లోంచి,
ఆపైన గోడకు చేరబడి నేల మీద కూలబడింది.
డంకన్ గరిటె జారవిడిచాడు.
నాకు సిగ్గేసింది. కాసేపటికి నాకూ వచ్చింది.

జనవరి రెండో శుక్రవారం
పైనుంచి ఒక నవ్వు రాలింది,
నా జల్లెడలో ఇదివరకు పడని రకం.
ముక్కుల్లోంచి మొదలై
బల్లలు చరిచేదాకా పోయింది.

అదే సమయానికి నేలమాళిగ నుంచి
డ్రమ్ముల కుర్రాడు మంచినీళ్ళకొచ్చాడు,
చెమటతో ముద్దై.
"పైన ఏంటంత నవ్వు?"
"పావురం," అన్నాను.

అతను గ్లాసు పట్టుకుని
మిగతాది చెబుతానని ఇంకా చూస్తున్నాడు.
నేను సింకులో చెయ్యిపెట్టి
బిరడా లాగాను.